ఐరనీకి తెలుగులో ఒక్క మాట కావాలి: వ్యంగ్యమా, విధి వైచిత్రా, ఇంకేదైనా ఉందా?

పాలపిట్ట (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. మూడు రోజులుగా ఒకే వాక్యం దగ్గర ఆగిపోయి ఉన్నాను, సాయం కావాలి.

పిల్లల పత్రిక ఒకదానికి ఆల్‌ఫ్రెడ్ నోబెల్ మీద వ్యాసం అనువాదం చేస్తున్నాను. డైనమైట్ కనిపెట్టినాయన, బహుమతులు పెట్టినాయన, ఇంతవరకూ అందరికీ తెలిసిందే. వ్యాసం చివర్లో ఒక ఉత్తరం మాట వస్తుంది. 1896 అక్టోబరులో, అంటే చనిపోవడానికి నెలన్నర ముందు, తన దగ్గర పనిచేసే రాగ్నార్ సోల్‌మన్‌కి రాసింది. అప్పటికే ఆయనకి గుండె జబ్బు ముదిరింది. డాక్టర్లు రాసిచ్చిన మందు నైట్రోగ్లిజరిన్. ఆయన జీవితమంతా ఫ్యాక్టరీల్లో తయారుచేయించి, డైనమైట్‌లో కూరి, కొండలు పగలగొట్టించిన పదార్థం అదే. 1864లో స్టాక్‌హోమ్‌లో అదే పేలి ఆయన తమ్ముడు ఎమిల్ చనిపోయాడు. ఇప్పుడు దాన్నే లోపలికి పుచ్చుకోమన్నారు, ఇది విధి ఐరనీ కాకపోతే ఏమిటి అని నోబెల్ ఆ ఉత్తరంలో రాసుకున్నాడు. మందుల షాపువాళ్ళూ జనమూ హడలిపోకుండా దానికి ట్రైనిట్రిన్ అని పేరు పెట్టారని కూడా రాశాడు.

నిఘంటువు తీస్తే ఐరనీ అంటే వ్యంగ్యం. "విధి వ్యంగ్యం" అంటే ఆరో తరగతి పిల్లాడికి ఏం తెలుస్తుంది? "విధి వైపరీత్యం" అంటే పడవ మునిగిపోయినట్టుంది. "విడ్డూరం" అంటే మరీ తేలికైపోతోంది, చనిపోబోయే మనిషి మాట అది. అసలు ఐరనీ అంటే ఏమిటో నాకే సరిగ్గా తెలియదేమోనని అనుమానం పట్టుకుంది. ఒక్క మాట చెప్పండి చాలు.

కోడ్_కాకి

వ్యంగ్యమేనండీ. పైకి ఒకటి అనడం, లోపల దానికి వ్యతిరేకం అనుకోవడం. ఇంతకంటే ఏముంది?

ఓరుగల్లు_టీచరమ్మ

తమ్ముడూ, నేను పద్దెనిమిదేళ్ళుగా హైస్కూల్లో ఇంగ్లీషు చెప్తున్నా. నువ్వు రాసిన నిర్వచనమే మొదటి ఐదేళ్ళు బోర్డు మీద రాశాను. పిల్లలు దాన్ని రోజూ బద్దలు కొట్టేవాళ్ళు.

అబద్ధం కూడా లోపల ఒకటి, బయట ఒకటే కదా టీచర్, అది ఐరనీ ఎందుకు కాదు అని ఒక పిల్ల అడిగింది. జవాబు వెతుక్కోవడానికి నాకు రెండు రోజులు పట్టింది. అబద్ధం చెప్పేవాడు లోపలిది మనకి తెలియకూడదనుకుంటాడు. ఐరనీగా మాట్లాడేవాళ్ళు తెలియాలనే అంటారు. అంటే మాటల్లో తేడా లేదు, ఉద్దేశంలో ఉంది. ఆ ఉద్దేశం ఏ పదంలోనూ కనపడదు.

సరే అనుకుంటే ఇంకో తంటా. పదింటి దాకా నిద్రలేవని కొడుకుతో అమ్మ "ఇంకో గంట పడుకుంటావా నాయనా?" అంటుంది. అది ప్రశ్న. ప్రశ్నకి వ్యతిరేకం ఏమిటి? "మా చిన్నోడికి చెప్పులు గుమ్మానికి అడ్డంగా విడవడమంటే ఎంత ఇష్టమో" అంటుంది. ఇందులో వ్యతిరేకం ఎక్కడుంది, వాడికి నిజంగానే ఇష్టం. మాట అక్షరాలా నిజం, అయినా తిట్టు. మూడు గంటలు లేటుగా వచ్చిన పెళ్ళివారిని "కాస్త ఆలస్యమైనట్టుంది" అంటాం. అదీ వ్యతిరేకం కాదు, తగ్గించి చెప్పడం. వ్యతిరేకం అన్న నిర్వచనం ఈ మూడింటిలో ఒక్కదానికీ సరిపోదు.

విశ్రాంత_తెలుగు_మాష్టారు

పాలపిట్ట గారూ, మీ ఇబ్బంది సగం ఐరనీ వల్ల వచ్చింది, సగం వ్యంగ్యం అన్న మాట వల్ల వచ్చింది. ఈ రెండోదాని గురించి నేను కాస్త చెప్పగలను.

ఇవాళ మనం వ్యంగ్యం అంటే ఎత్తిపొడుపు, వెటకారం అనుకుంటున్నాం. అలంకారశాస్త్రంలో అది కాదు అర్థం. వాచ్యం, లక్ష్యం, వ్యంగ్యం అని మూడు అర్థాలు. వ్యంగ్యమంటే స్ఫురించే అర్థం, అంతే. అందులో ప్రేమ స్ఫురించవచ్చు, భయం స్ఫురించవచ్చు. వెక్కిరింత ఉండాలనే నియమం లేదు.

తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు ధ్వని సిద్ధాంతం, అంటే చెప్పని అర్థం స్ఫురించడమే కావ్యానికి ప్రాణమన్న సిద్ధాంతం, చెబుతూ ఇచ్చిన మొదటి ఉదాహరణ మన గోదావరి ఒడ్డుది. శాతవాహన రాజు హాలుడి పేరు మీద ఉన్న గాథల్లోది, ప్రాకృతం. ఒక ఆమె ఓ భక్తుడితో అంటుంది: "అయ్యా, ఇక నిశ్చింతగా తిరగండి, మిమ్మల్ని బెదిరించే ఆ కుక్కని గోదావరి ఒడ్డు పొదల్లో ఉండే సింహం ఇవాళ చంపేసింది." వ్యాఖ్యాతలు చెప్పే సందర్భం ఏమిటంటే ఆ పొదలు ఆమె ప్రియుణ్ణి కలుసుకునే చోటు, ఈయనేమో రోజూ పూలకోసం అటే వస్తున్నాడు. పైకి "తిరగండి" అని విధి, అంటే చేయమని చెప్పడం. స్ఫురించేది "అటు రావద్దు" అని నిషేధం. కుక్కకే భయపడేవాడు సింహం ఉందంటే వస్తాడా?

ఇది ఐరనీయా? కోడ్_కాకి గారి లెక్కన అవును, పైకి చెప్పినదానికి నూటికి నూరు పాళ్ళూ వ్యతిరేకం. కానీ ఆమె ఆయన్ని వెక్కిరించడం లేదు. తన మాట వెనక మాట ఆయనకి తెలియనివ్వకూడదు కూడా. తెలిసేది మనకి, చదివేవాళ్ళకి. మరో రెండు వందల ఏళ్ళకి మహిమభట్టు వచ్చి, ఇందులో ధ్వని అనే ప్రత్యేకమైన శక్తి ఏమీ లేదు, పొగ చూసి నిప్పుందని ఊహించినట్టు ఇదీ ఒక అనుమానమే (తర్కశాస్త్రపు అర్థంలో, గుర్తుని బట్టి తేల్చుకోవడం) అని వాదించాడు. ఒకే పద్యం గురించి ఇన్ని తరాలు వాదించుకున్నారంటే, చెప్పని మాటని చెప్పినట్టుగా ఎలా అర్థం చేసుకుంటున్నామన్నది అంత తేలిగ్గా తెగే విషయం కాదన్నమాట.

మీరడిగిన వెటకారపు ఐరనీకి శాస్త్రంలో దగ్గరి పేరు విపరీతలక్షణ, అంటే మాటకి ఎదురర్థం తీసుకోవడం. అపకారం చేసిన స్నేహితుడితో "ఎంత ఉపకారం చేశావయ్యా, నీ మంచితనం గురించి ఏం చెప్పను, ఇలాగే చేస్తూ నూరేళ్ళు చల్లగా బతుకు" అనే శ్లోకం మమ్మటుడి అలంకారశాస్త్ర గ్రంథం కావ్యప్రకాశంలో ఉంది. మన ఇళ్ళల్లో రోజూ వినబడే మాటే. తిడుతున్నట్టు పొగిడితే వ్యాజస్తుతి. కాసుల పురుషోత్తమకవి శ్రీకాకుళాంధ్రదేవుణ్ణి శతకమంతా నిందాస్తుతితోనే కొలిచాడు. ఇక్కడ తిట్టు లోపల ఉన్నది భక్తి. ఇవన్నీ ఒకే ఐరనీ గొడుగు కిందకి తెస్తే ఇరుకైపోతాయి.

కోడ్_కాకి

మాష్టారూ, టీచరక్కా, నా మాట వెనక్కి తీసుకుంటున్నా. నిజానికి నాకు ముందే తెలిసుండాలి, నా ఉద్యోగమే ఇది. వస్తువుల మీద, హోటళ్ళ మీద జనం రాసే తెలుగు రివ్యూలు మంచివా చెడ్డవా అని మెషీన్‌తో విడదీయించే టీమ్‌లో పనిచేస్తున్నా. ఈ ఒక్కచోటే ఎక్కువ దెబ్బ తింటున్నాం. "మహానుభావుడు, బిర్యానీ ఐస్‌క్రీమ్‌లా తెచ్చిచ్చాడు, శతకోటి దండాలు" అని ఒకరు రాస్తే మెషీన్ దాన్ని ఐదు నక్షత్రాల మెప్పులో వేసింది. మహానుభావుడు, దండాలు, ఐస్‌క్రీమ్, అన్నీ మంచి మాటలే మరి.

దాని కోసం ఒక జాబితా రాసుకుంటూ వచ్చాను. తెలుగులో కొన్ని గుర్తులున్నాయి. "చేశావు" అంటే మామూలు, "చేశావులే" అంటే అనుమానించాలి. "అబ్బో" ముందొస్తే దాదాపు ఖాయం. "పాపం" చాలా చిక్కు మాట, సగం సార్లు నిజమైన జాలి, సగం సార్లు కాదు. హరిశ్చంద్రుడు, కర్ణుడు అని పేర్లు పెడితే చాలావరకు వెటకారం. కానీ మా నాయనమ్మ "బాగా చేశావులే" అని నిజంగా మెచ్చుకునే గొంతు కూడా నా చెవిలో ఉంది. అదే అక్షరాలు. గొంతు మాత్రమే వేరు.

విశ్రాంత_తెలుగు_మాష్టారు

ఆ గొంతు మార్పుకే కాకువు అని పేరు. రాతలో పోయేది అదే.

కోడ్_కాకి

ధన్యవాదాలు మాష్టారూ, ఆ మాట ఇవాళే విన్నాను. రాతలో దాన్ని వెనక్కి తెచ్చుకోవాలని చాలామంది చూశారు. 1899లో అల్కాంతే ద బ్రామ్ అనే ఫ్రెంచి ఆయన ఐరనీకి ప్రత్యేకంగా ఒక విరామచిహ్నం ప్రతిపాదించాడు, తిరగేసిన ప్రశ్నార్థకంలా ఉంటుంది. ఎవరూ వాడలేదు. 1982లో కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో స్కాట్ ఫాల్‌మన్, సరదా మాటల్ని జనం సీరియస్‌గా తీసుకుని గొడవపడుతున్నారని, రెండు చుక్కలు, గీత, బ్రాకెట్ కలిపి నవ్వు గుర్తు పెట్టమన్నాడు. అది నిలిచింది. కానీ మనసుకి తగలాల్సిన మాట పక్కన నవ్వు గుర్తు పెడితే ఆ మాట పదును పోతుంది. గుర్తు పెడితే ఐరనీ చచ్చిపోతుంది, పెట్టకపోతే అపార్థం. దీనికి నా దగ్గర పరిష్కారం లేదు.

డల్లాస్_నాన్న

మా అమ్మాయికి పదమూడేళ్ళు. ప్రతిదానికీ "నాన్నా, దట్స్ సో ఐరానిక్" అంటుంది. కొత్త చెప్పులు కొన్నరోజే వాన పడింది, ఐరానిక్. స్నేహితురాలూ తనూ ఒకే రంగు డ్రస్సు వేసుకొచ్చారు, ఐరానిక్. 1995లో అలనిస్ మోరిసెట్ పాట ఒకటి వచ్చింది, పెళ్ళిరోజున వాన లాంటివి వరసగా చెప్పి ఇది ఐరానిక్ కాదా అని అడుగుతుంది. అవి వట్టి దురదృష్టాలే తప్ప ఐరనీ కాదని ఇక్కడ అప్పటినుంచీ వాదించుకుంటూనే ఉన్నారు. మా అమ్మాయి సరిగ్గా అదే తప్పు చేస్తోందని నాకు తెలుసు, కానీ ఎందుకు తప్పో ఇంగ్లీషులో చెప్పలేకపోయాను. తెలుగులో చెప్పగలనేమో అనిపించి ఇక్కడ రాస్తున్నా.

ఓరుగల్లు_టీచరమ్మ

అన్నా, తెలుగులోనే తేలిగ్గా చెప్పొచ్చు, సామెతలతో. నేను క్లాసులో ఇదే చేస్తాను.

ఒకే డ్రస్సు వేసుకురావడం కాకతాళీయం. కాకి వాలింది, తాటిపండు పడింది, ఒకదానికి ఇంకోదానితో సంబంధం లేదు. కొత్త చెప్పులకి వాన మూలిగే నక్క మీద తాటిపండు, లేదా గోరుచుట్టు మీద రోకలిపోటు. అది దురదృష్టం. మరి కంచే చేను మేస్తే? చేను కాపాడాలనే కదా కంచె వేసింది. కాపాడాల్సిందే తినేసింది. ఇదీ ఐరనీ. దెబ్బ బయటినుంచి రాలేదు, మనం చేసిన ఏర్పాటులోంచే వచ్చింది.

పెళ్ళిరోజు వానని కూడా ఐరనీ చేయొచ్చు. వానలు లేక ఊళ్ళో కప్పల పెళ్ళి చేశారనుకో. దాన్ని దగ్గరుండి జరిపించి, కప్పని రోకలికి కట్టి ఇల్లిల్లూ తిప్పించి, నీళ్ళు పోయించిన పెద్దమనిషి కూతురి పెళ్ళి వారం తర్వాత ఉంది. సరిగ్గా తాళి కట్టే వేళకి కుండపోత, పందిరి కూలింది. అదే వాన, అదే పెళ్ళి. కానీ ఆయన కోరిన వానే ఆయన పందిరి కూల్చింది. మీ అమ్మాయికి ఈ రెండు పెళ్ళిళ్ళూ పక్కపక్కన పెట్టి చెప్పి చూడండి.

డల్లాస్_నాన్న

చెప్పాను. రెండు నిమిషాలు ఆలోచించి "అయితే వినాయకుణ్ణి చేయబోతే కోతి అయింది అని నువ్వంటావు కదా, అది ఐరనీయా" అని అడిగింది. తనకి ఆ సామెత గుర్తుందంటేనే నాకు సంతోషమేసింది. జవాబు మాత్రం తెలియలేదు.

ఓరుగల్లు_టీచరమ్మ

మంచి ప్రశ్న అడిగింది. చెయ్యి తిరగక కోతి అయితే అది చేతకానితనం. కోతి కాకూడదు, కాకూడదు అని తొండం దగ్గర పదేపదే దిద్దబట్టే కోతి అయిందనుకో, అప్పుడు ఐరనీ.

దీనికి చరిత్రలో ఒక గట్టి ఉదాహరణ ఉంది. 1902లో హనోయ్‌లో ఫ్రెంచి ప్రభుత్వం ఎలుకల బెడద తగ్గించాలని, ఎలుకని చంపి తోక తెస్తే డబ్బులిస్తామంది. తోకలు వేలల్లో వచ్చాయి. కొన్నాళ్ళకి ఊళ్ళో తోకల్లేని ఎలుకలు తిరుగుతూ కనబడ్డాయి. జనం తోక మాత్రం కోసి ఎలుకని వదిలేస్తున్నారు, పిల్లలు పెట్టాలి కదా. కొందరైతే ఎలుకల్ని పెంచడమే మొదలుపెట్టారు. తగ్గించడానికి పెట్టిన పథకమే పెంచింది. ఎక్కడా విధి లేదు చూడండి, అంతా మనుషుల లెక్కే.

సురభి_అభిమాని

నాటకం సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? నేను చిన్నప్పుడు మా ఊరి తిరునాళ్ళకి సురభి వాళ్ళు డేరా వేస్తే నెలంతా రోజూ వెళ్ళేవాణ్ణి. 1885లో కడప జిల్లా సురభి అనే ఊళ్ళో కీచకవధతో మొదలైన సమాజం వాళ్ళది. మాయాబజార్ ఆడేటప్పుడు శశిరేఖ వేషంలో ఘటోత్కచుడున్నాడని పందిట్లో వేరుశెనక్కాయలు అమ్మే కుర్రాడికి కూడా తెలుసు. తెలియనిది పెళ్ళికొడుకు లక్ష్మణకుమారుడికి ఒక్కడికే. వాడు "నా అంత అదృష్టవంతుడు లేడు" అన్న ధోరణిలో మురిసిపోతుంటే మేం కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం. వాడు వెటకారం చేయడంలేదు, మనస్ఫూర్తిగా అంటున్నాడు. మాటలో ఏ మెలికా లేదు. మెలికంతా మా దగ్గరుంది, మాకు తెలుసు కాబట్టి.

అదే ఏర్పాటు విషాదంలో కూడా పనిచేస్తుంది. దశరథుడు చీకట్లో నీళ్ళ చప్పుడు విని ఏనుగనుకుని బాణం వేసే ఘట్టం. అక్కడున్నది కడవ ముంచుతున్న కుర్రాడని మనకి తెలుసు. శబ్దం విని కొట్టే విద్య అంటే ఆయనకి గర్వం, ఆ విద్యే ఆయన్ని ముంచింది. నాకిప్పటికీ ఆ చోట గొంతులో ఏదో అడ్డం పడుతుంది.

ఓరుగల్లు_టీచరమ్మ

చాలా బాగా చెప్పారు. పాలపిట్టా, నీకు ఒక్క మాట దొరక్కపోవడానికి కారణం కూడా ఇక్కడే ఉంది. మొదట్లో గ్రీకు వాళ్ళకి ఐరొనియా అంటే ఏమీ తెలియనట్టు నటించడం, అదొక తిట్టు. ప్లేటో రాసిన సంభాషణలో థ్రసిమాకస్ సోక్రటీసు మీద విసుక్కుంటాడు, ఇదిగో మళ్ళీ నీ పాత ఐరొనియా, నువ్వు జవాబు చెప్పవు, ఎదుటివాణ్ణి అడుగుతావు అని. అరిస్టాటిల్ దాన్ని గొప్పలు చెప్పుకోవడానికి ఎదురుగా పెట్టాడు, తన్ను తాను తగ్గించి చెప్పుకోవడం అని. ఒకటో శతాబ్దంలో రోమ్‌లో క్వింటిలియన్ అనే వక్తృత్వ గురువు, పైకి అన్నదానికి వ్యతిరేకం గ్రహించాలి అన్నాడు, మన కోడ్_కాకి మొదట రాసింది ఆయన మాటే. సురభి గారు చెప్పిన నాటకపు ఐరనీని ఇంగ్లీషులో ఆ పేరుతో పిలవడం 1833లో కానప్ థర్ల్‌వాల్ అనే ఇంగ్లీషు పండితుడు గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ నాటకాల మీద రాసిన వ్యాసం నుంచే బలపడింది.

అంటే రెండు వేల మూడు వందల ఏళ్ళకి పైగా ఒకే సంచీలో ఎవరికి తోచింది వాళ్ళు వేస్తూ వచ్చారు. నటన, వెటకారం, నాటకంలో ప్రేక్షకుడి ఎరుక, విధి ఆట. ఇప్పుడు ఆ సంచీకి నిర్వచనం చెప్పమంటే ఎవరు చెప్పగలరు? మనం వాటికి వేరువేరు పేర్లు పెట్టుకున్నాం. ఎత్తిపొడుపు, నిందాస్తుతి, విధి వైచిత్రి, కంచే చేను మేయడం. తెలుగులో మాట లేదని బాధపడకు, ఒక్క మాట లేదు అంతే.

కోడ్_కాకి

అక్కా, ఒక సందేహం. సంచీలో ఉన్నవాటికి అసలు చుట్టరికమే లేదంటారా? నాకైతే ఉందనిపిస్తోంది. 1981లో డాన్ స్పెర్బర్, డీర్డ్రె విల్సన్ అని ఇద్దరు ఐరనీ అంటే వ్యతిరేకం కాదు, ప్రతిధ్వని అన్నారు. ఎవరో అన్న మాటని, లేదా అందరూ ఆశించే మాటని మనం తిరిగి పలుకుతూ, చూశావా ఇది ఎంత తేడాగా ఉందో అని చూపించడం. "వాన రాదు, గొడుగెందుకు" అని నువ్వన్నావు. ఇద్దరం తడిసి ముద్దయ్యాక "అవును, వాన రాదు" అంటాను. నీ మాటే నీకు చూపించాను. ఇది మీ "ఇంకో గంట పడుకుంటావా"కి కూడా సరిపోతోంది, అమ్మ వాడి మనసులో మాటనే పైకి అంటోంది.

కంచె కథలోనూ అంతే కదా? "చేను భద్రం" అని ముందు అనుకున్న మాట ఉంది. తర్వాత జరిగింది ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసే కళ్ళుంటేనే ఐరనీ. లక్ష్మణకుమారుడి విషయంలో ఆ కళ్ళు ప్రేక్షకులవి. గోదావరి ఒడ్డు పద్యంలో చదివేవాళ్ళవి. నిర్వచనం కుదరకపోవడానికి కారణం ఆ చూసే మనిషి మాటలో ఉండడు, సంఘటనలో ఉండడు, పక్కన నిలబడి ఉంటాడు. అందుకే మా మెషీన్‌కి దొరకడు.

కృష్ణ_ఒడ్డు

చాలాసేపటి నుంచి చదువుతున్నా. పక్కన నిలబడి చూసే మనిషి అన్నారు కాబట్టి ఒకటి చెప్పాలి.

మాది కృష్ణ మీద కట్టిన ఒక ప్రాజెక్టులో మునిగిన ఊరు. మా తాత ఇల్లు, మామిడి తోట, గుడి, అన్నీ నీళ్ళ కిందే ఉన్నాయి. ఎండాకాలం నీళ్ళు బాగా తగ్గినప్పుడు గుడి పైభాగం బయటపడితే మా నాన్న వెళ్ళి దండం పెట్టుకుని వచ్చేవాడు. మమ్మల్ని గట్టు మీద పునరావాస కాలనీలో పెట్టారు. అక్కడ బోర్లు పడలేదు. నా చిన్నతనమంతా ట్యాంకర్ కోసం బిందెలు వరసలో పెట్టి కాపలా కాయడమే. కళ్ళెదురుగా అంత నీళ్ళు, మా ఊరిని మింగిన నీళ్ళు, తాగడానికి బిందెడు లేవు. కాలవల్లో అవి ఎక్కడెక్కడికో వెళ్ళేవి.

ఒకసారి ఒక విలేకరి వచ్చి మా మీద రాశాడు. మంచివాడే, మాకోసమే రాశాడు. శీర్షికలో "విధి వైచిత్రి" అని పెట్టాడు. మా నాన్న ఆ పేపరు చదివి పక్కన పెట్టేసి అన్న మాట నాకింకా గుర్తుంది: "విధి ఏం చేసిందిరా, కాలవ ఎత్తు గీసింది మనుషులు."

మీరు చెప్పిన లెక్కన మాది కచ్చితంగా ఐరనీయే, కంచే చేను మేసిన రకం. కానీ దాన్ని ఐరనీగా చూడగలిగింది బయటినుంచి వచ్చినాయన. వరసలో నిలబడ్డవాళ్ళకి అది దాహం. పైగా "విధి" అని చేరిస్తే ఎవరినీ అడగాల్సిన పని లేకుండా పోతుంది. పాలపిట్ట గారూ, మీరు ఏ మాట పెట్టినా పెట్టండి, అది ఎవరి నోట్లో పెడుతున్నారో చూసి పెట్టండి.

సురభి_అభిమాని

కృష్ణ_ఒడ్డు గారూ, మీ నాన్నగారి మాటకి దండం.

ఓరుగల్లు_టీచరమ్మ

తమ్ముడూ, పద్దెనిమిదేళ్ళలో నేను పిల్లలకి చెప్పని సంగతి ఇది. హనోయ్ ఎలుకల కథ చెప్పి నవ్వించాను గానీ, ఆ ఇళ్ళల్లో ఎలుకలతో కాపురం చేసినవాళ్ళ వైపు నుంచి ఎప్పుడూ చెప్పలేదు. ఇకనుంచి చెప్తాను.

మందులకొట్టు_శ్రీకాకుళం

నోబెల్ కథలో చిన్న సవరణ లాంటి చేర్పు. నేను ఫార్మసిస్టుని. నైట్రోగ్లిజరిన్ గుండెనొప్పికి ఇవ్వడం నోబెల్‌కి రాసిచ్చినప్పటికే కొత్త కాదు. 1879లోనే లండన్‌లో విలియం మరెల్ అనే డాక్టరు దాని గురించి రాశాడు. దీన్ని తయారుచేసే ఫ్యాక్టరీల్లో పనివాళ్ళకి తలనొప్పులు వచ్చేవి, నోబెల్‌కి కూడా వచ్చేవి. అది రక్తనాళాలు వ్యాకోచించడం వల్ల. ఆ గుణమే కొద్ది మోతాదులో గుండెకి పనికొస్తుంది. ఇవాళ్టికీ ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకోమని డాక్టర్లు రాసే మాత్రలు ఈ జాతివే. మా కొట్టుకి వచ్చే పెద్దవాళ్ళు జేబులో పెట్టుకు తిరుగుతారు.

ఇంకో సంగతి. ఇది శరీరంలో ఎలా పనిచేస్తుందో చాలాకాలం తెలియలేదు. దానిలోంచి నైట్రిక్ ఆక్సైడ్ విడుదలై రక్తనాళాల్ని సడలిస్తుందని తేలింది. నైట్రిక్ ఆక్సైడ్ శరీరంలో సంకేతంగా పనిచేస్తుందని కనుక్కున్నందుకు ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్ ముగ్గురికీ 1998లో బహుమతి వచ్చింది. ఏ బహుమతి అనుకున్నారు? నోబెల్ బహుమతే. ఆయన మందు ఎలా పనిచేస్తుందో చెప్పినవాళ్ళకి ఆయన డబ్బుతోనే. ఇది ఐరనీయా, కాకతాళీయమా? నాకు తెలుసుకోవాలనుంది.

డల్లాస్_నాన్న

మా అమ్మాయిని అడిగాను. "అది ఐరనీ కాదు నాన్నా, అక్కడ ఎవరికీ దెబ్బ తగల్లేదు" అంది.

విశ్రాంత_తెలుగు_మాష్టారు

అమ్మాయి బాగా పట్టుకుంది. నేనైతే దాన్ని రుణం తీరడం అంటాను. మొదటిది మాత్రం, ఆ ఉత్తరంలోది, నిస్సందేహంగా మీరంతా చెబుతున్న రకమే. చంపేదిగా పేరుపడ్డదాన్ని బతకడానికి మింగాల్సి రావడం. పైగా చూసే మనిషీ పడే మనిషీ ఒకడే అయ్యాడు. ఇది అరుదు.

పాలపిట్ట

రాత్రి రెండింటికి మీ అందరివీ మళ్ళీ మొదటినుంచి చదివాను. మాష్టారి ఆఖరి వాక్యం, కృష్ణ_ఒడ్డు గారి నాన్నగారి మాట, ఈ రెండూ కలిపితే నా చిక్కు విడిపోయింది. నేను ఐరనీకి నామవాచకం వెతుకుతూ కూర్చున్నాను. ఉత్తరంలో ఉన్నది ఒక మనిషి తన గురించి తను అనుకున్న మాట. తెలుగువాడు ఆ పరిస్థితిలో ఉంటే ఏమంటాడు అని ఆలోచించాల్సింది. ఇలా రాశాను:

"నా రాత చూశావా, నైట్రోగ్లిజరిన్‌నే నన్ను మందుగా మింగమన్నారు! జనం బెదిరిపోకుండా దానికి ట్రైనిట్రిన్ అని పేరు మార్చారట."

దాని కింద పిల్లల కోసం ఒక్క వాక్యం: "కొండల్ని పేల్చడానికి ఆయన ఏ పదార్థాన్ని ఊరూరా పంపాడో, అదే పదార్థం చుక్కలుగా ఆయన గుండెకి పని చేయాల్సి వచ్చింది." ఐరనీ లేదు, వ్యంగ్యం లేదు, వైచిత్రి లేదు.

కృష్ణ_ఒడ్డు గారూ, "రాత" అంటే మళ్ళీ విధే కదా అని మీరనొచ్చు. అందుకే మీరు చూసి చెప్పాకే పంపిద్దామని ఆగాను.

కృష్ణ_ఒడ్డు

"నా రాత" అని ఆయనే అనుకుంటున్నాడు కదండీ, అనుకోనివ్వండి. మా నాయనమ్మ కూడా బిందె ఎత్తుకుంటూ "నా రాత" అనేది, మేమెవరం ఆమెని తప్పుపట్టలేదు. "వాళ్ళ రాత" అని పక్కవాళ్ళు రాసినప్పుడే నొప్పి. కింద మీరు రాసిన వాక్యంలో విధి లేదు, పదార్థం ఉంది, మనిషి ఉన్నాడు. పంపేయండి.

ఒక్క చిన్న మాట: "ఊరూరా" తీసి "దేశదేశాలకీ" అనండి. ఆయన ఫ్యాక్టరీలు చాలా దేశాల్లో ఉండేవి.

పాలపిట్ట

మార్చాను. ఇప్పుడే పంపాను.